అరువు గొలుసు

నేను ఒక ఇల్లు బండిని. చెప్పుకోవడానికి ఇల్లూ నేనే, బండీ నేనే. నిజానికి రెండూ సగం సగమే. తలుపుంది, రెండు కిటికీలున్నాయి, పొయ్యి పెట్టుకోవడానికి గట్టు ఉంది. ఇంజను లేదు. ముందు నుంచి ఎవరైనా లాగితే తప్ప అంగుళం కదలలేను. రెండు చక్రాలనీ, ఒక ఇనప హుక్కునీ నమ్ముకుని ఇరవై రెండేళ్ళు గడిపాను. ఇప్పుడు ఒళ్ళంతా తుప్పు. వానొస్తే ఎడమ మూల కారుతుంది. మాట్లాడాలన్నా ఓపిక కూడదీసుకోవాలి. అయినా చెబుతాను. నేను రోడ్డు మీద తిరగడానికి పనికొస్తానని సర్కారు వారు ఏటేటా రాసిచ్చిన కాగితాలు, నాలో కాపురముండే సైదమ్మ బియ్యం డబ్బా అడుగున ఉన్నాయి. వాటిలో నిజం పలికినవి తక్కువ.

పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. రోడ్లు వేసే కాంట్రాక్టరు ఒకాయన, తన ఇంజినీరు పని జరిగే చోటే పడుకోవాలని నన్ను చేయించాడు. ఇరుసు ఏదో పాత లారీది. కిటికీలు ఎవరో ఇల్లు పడగొడితే వచ్చినవి. అంటే పుట్టుకలోనే నా సొంతమన్నది పెద్దగా ఏమీ లేదు. ఆ ఇంజినీరు నాలో నాలుగేళ్ళున్నాడు. ఆ నాలుగేళ్ళలో నేను కదిలింది నలభై మైళ్ళు. రోడ్డు ఎంత సాగితే నేనూ అంత. రోడ్డు పూర్తయ్యాక ఆయన వెళ్ళిపోయాడు, నన్ను గోడౌను వెనక నెట్టి సిమెంటు బస్తాలు పేర్చారు. ఎనిమిదేళ్ళు ఆ దుమ్ము పీల్చాను.

అప్పుడు కొండలు వచ్చాడు. పల్నాడులో తిరునాళ్ళు ఎక్కడ జరిగితే అక్కడికి రంగులరాట్నం తీసుకుపోయి తిప్పే మనిషి. నన్ను కొని, లారీకి తగిలించి తీసుకుపోయి, గుడారం ముందు నిలబెట్టాడు. గుడారంలోంచి ఆయన భార్య సైదమ్మ వచ్చింది. నలభై దాటిన పొట్టి మనిషి, నడకలో తొందర. లోపలికెక్కి తలుపు వేసి గడియ పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. పెళ్ళయ్యాక గడియ ఉన్న తలుపు ఆమెకు అదే మొదటిదని తర్వాత తెలిసింది.

నన్ను ఆమె పేరు మీదే రాయించారు. కొండలు పేరు మీద అంతకు ముందు కొన్న రెండు బళ్ళు కలిసిరాలేదట, ఆడమనిషి పేరైతే మంచిదని ఎవరో సోదె చెప్పారట. అలా సైదమ్మ నాకు యజమానురాలైంది. యజమానురాలు కాబట్టి ఏడాదికొకసారి రవాణా ఆఫీసులో వచ్చి నిలబడి సంతకం చేయాలి. మిగతా రోజుల్లో ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, ఆమెకు కూడా.

మా ప్రయాణం ఎలా ఉండేదంటే, ముందు లారీ, లారీలో రాట్నం ఇనుము, ఇనుము మీద ఆరుగురు పనివాళ్ళు, వెనక నేను. లారీ కొండలే నడిపేవాడు. పక్క సీట్లో ఒక చెక్కపెట్టె ఉండేది. రాట్నానికి చుట్టూ వెలిగే రంగు బల్బులు అందులో ఉంటాయి, పగలకుండా బొంత చుట్టి మరీ పెట్టేవాడు. సైదమ్మ నాలో ఉండేది. ఊరు చేరేసరికి ఎనిమిది మందికి అన్నం ఉడికి ఉండాలి. దిగంగానే తిని, పొద్దు ఉండగానే రాట్నం నిలబెట్టాలి. కొండలు వాళ్ళ నాయన కాలం నుంచీ అదే పద్ధతి. అప్పట్లో ఎద్దుబండి, ఇప్పుడు లారీ. ఆ తేడా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

గిన్నెలన్నిటినీ పాత చీర పేలికలతో గోడ మేకులకు కట్టేసేది. పొయ్యి మీద గిన్నెను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో గరిటె తిప్పేది. మలుపుల్లో ఉల్లిపాయలు బుట్టలోంచి జారి దొర్లుకుంటూ వచ్చేవి. చూపు తిప్పకుండానే కాలితో ఆపేది. ఎన్నో వందల ఉల్లిపాయలు ఆ పాదానికి తగిలి ఆగడం చూశాను.

ఇక ఏటేటా జరిగే పరీక్ష సంగతి.

శివరాత్రి ముందు వారం ఫిట్‌నెస్‌కి వెళ్ళేవాళ్ళం. ఆఫీసు గోడ పక్కనే సిలార్ భాయ్ టైర్ల కొట్టు. అక్కడ టైర్లు అమ్మరు, పూటకు అద్దెకిస్తారు. నా అరిగిన టైర్లు విప్పి, గాట్లు స్పష్టంగా ఉన్న టైర్లు బిగించేవాడు. వాటి మీద తెల్ల రంగుతో నాలుగు అని అంకె ఉండేది. వెనకవైపు ఎర్ర రేడియం పట్టీ. లోపల మంటలార్పే సిలిండరు, మందుల డబ్బా. చివరగా హుక్కు పక్కన ఒక లావుపాటి గొలుసు. హుక్కు విరిగినా, పిన్ను ఊడినా బండి విడిపోకుండా ఆ గొలుసు పట్టుకుంటుంది. అదీ దాని పని. అయితే దాన్ని తెచ్చినవాళ్ళెవరికీ అది గుర్తున్నట్టు ఉండేది కాదు. వాళ్ళ దృష్టిలో గొలుసు పని బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు కనబడటం.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు వీరరాఘవులు గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నాకంటే అలసిపోయినట్టుండేవారు. బూటుతో టైరును ఒకసారి తన్ని, చుట్టూ నడిచి, కాగితం మీద టిక్కులు పెట్టేవారు. ఒక ఏడు నా టైర్ల మీది అంకె చూసి, ఈ నాలుగో నంబరుకు పొద్దుటి నుంచి మూడోసారి ఫిట్‌నెస్ ఇస్తున్నానని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, తలెత్తకుండా అడిగేవారు.

"ప్రయాణంలో లోపల మనుషులు ఉండరు గదా?"

"ఎవరూ ఉండరు సార్" అనేవాడు కొండలు.

ఆ మాట అంటున్నప్పుడు సైదమ్మ పక్కనే ఉండేది, దారిలో వండటానికి ఏరిన బియ్యం చేట చేతిలో పట్టుకుని. సంతకం పెట్టేది. గేటు దాటగానే సిలార్ భాయ్ మనుషులు జాకీ పెట్టి నన్ను ఒలిచేసేవాళ్ళు. అవతల ఇంకో బండి నా టైర్ల కోసం ఎదురుచూస్తూ ఉండేది.

గొలుసన్నా కొనరాదా అని సైదమ్మ ఒకసారి అడిగింది. ఏడాదికొక్కసారి తగిలించేదానికి కొనేదేంది అన్నాడు కొండలు. మంచివాడే. భార్యను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ జవాబులో తప్పేముందో నిజంగానే ఆయనకు తెలియదు.

కొండలు నన్ను కొన్న ఏడో ఏడు, ఫిట్‌నెస్ అయిన మూడో రోజు. తిరునాళ్ళకు పోతూ ఒక ఎత్తు ఎక్కుతున్నాం. నా హుక్కు ఎన్నాళ్ళుగానో చిట్లి ఉంది. అది నాకు తెలుసు, చెప్పే నోరు లేదు. సగం ఎక్కాక విరిగింది. లారీ ముందుకు పోయింది, నేను వెనక్కి. లోపల సైదమ్మ అన్నం వారుస్తోంది.

వెనక్కి జారడం ఎలా ఉంటుందో చెప్పలేను. నన్ను ఆపడానికి నాలో ఏమీ లేదు. గోడల మీద ఆమె రెండు అరచేతులూ పడటం తెలిసింది. గంజి ఆమె ఎడమ చేతి మీద పడటం తెలిసింది. రోడ్డు దిగి, గట్టు దూకి, ఎండబోసిన మిరపకాయల కల్లంలో దిగబడి ఆగాను. మోకాలెత్తు మిరపకాయలు. కల్లంలోని ఆడవాళ్ళు ఏడుస్తూ, తుమ్ముతూ, దగ్గుతూ తలుపు లాగి ఆమెను దించారు. ఆమె చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. పైనున్న పనివాళ్ళ అరుపులు ఇంజను హోరులో కలిసిపోయి, నేను వెనక లేనని కొండలుకు అర మైలు పోయాక గాని తెలియలేదు. పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆమె పక్కన కూలబడ్డాడు. పనివాళ్ళలో ఒకడు మాత్రం అన్నం మొత్తం పోయిందా అని అడిగాడు. మనుషులు చెడ్డవాళ్ళని కాదు, ఆకలి.

హుక్కును దగ్గర్లో వెల్డింగు చేయించి, నల్ల రంగు పూసి, అదే రోజు తగిలించారు. తిరునాళ్ళ ఆగదు గదా. బల్బుల పెట్టె ముందు సీట్లోనే ఉంది. సైదమ్మ చేతికి గుడ్డ కట్టుకుని నాలోనే ఎక్కింది. ఆ రోజు నుంచీ లారీ గేరు మారినప్పుడల్లా ఆమె గోడ పట్టుకునేది. ఏడాదంతా ఆ చేతి చెమట నా గోడకు అంటుతూనే ఉంది.

ఎనిమిదో ఏడు మళ్ళీ సిలార్ కొట్టు, మళ్ళీ నాలుగో నంబరు టైర్లు. రంగు పూసిన హుక్కు మీద గ్రీజు కూడా దట్టంగా మెత్తారు. వీరరాఘవులు గారు చుట్టూ నడిచి, టిక్కులు పెట్టి, తలెత్తకుండా ఆ ప్రశ్న అడిగారు. ఎవరూ ఉండరు సార్ అన్నాడు కొండలు.

సైదమ్మ బియ్యం చేట కింద పెట్టింది. జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మచ్చ మెరుస్తోంది.

"నేనుంటా సారూ" అంది. "ఎనిమిదేళ్ళ నుంచీ నేనే ఉంటన్నా. ఈ గొలుసు మాది గాదు, సిలార్ భాయ్‌ది. టైర్లూ మావి గాదు. ఆ హుక్కు నిరుడు ఇరిగింది, గ్రీజు తుడిచి చూడండి."

గొంతు పెంచలేదు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. వరసలో ఉన్న బళ్ళవాళ్ళు ఒకరి టైర్ల వైపు ఒకరు చూసుకున్నారు. జాకీ పట్టుకుని గేటు దగ్గర కాచుకున్న సిలార్ భాయ్, ఏందమ్మా చెల్లెమ్మా ఇది అని మాత్రం అన్నాడు. కొండలు నేల చూపులు చూస్తున్నాడు.

వీరరాఘవులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకు తెలియదనుకున్నావా తల్లీ? నువ్వు చెప్పనంతసేపూ రాసిస్తూనే ఉన్నా. చెప్పాక ఎట్లా రాయను?"

టిక్కులు కొట్టేసి రాశారు. టైర్లు అరిగినవి. గొలుసు లేదు. హుక్కు పగిలినది. లోపల మనిషి ప్రయాణిస్తున్నది. ఎనిమిదేళ్ళలో నన్ను చూసి రాసిన మొదటి కాగితం అది. అంతకు ముందువన్నీ నాలుగో నంబరు టైర్లను చూసి రాసినవి.

కొండలు కేకలెయ్యలేదు. తిరునాళ్ళకు నాలుగు రోజులే ఉంది. నన్ను సిలార్ కొట్టు వెనక ఖాళీ స్థలంలో వదిలి, నీ ఇల్లు నువ్వే కాచుకో అని లారీ తీసుకుని వెళ్ళిపోయాడు. లారీ చప్పుడు వినబడినంతసేపూ సైదమ్మ తలుపులో నిలబడి, లోపలికొచ్చి, గిన్నెలకు పేలికలు కట్టింది. కదలని బండిలో గిన్నెలు కట్టడం ఎందుకో ఆమెకే తట్టి, కట్టినవి విప్పి, మంచం మీద కూర్చుండిపోయింది. మగడు ఇక పిలుస్తాడో లేదో తెలియదు. ముప్పై ఏళ్ళ తిరునాళ్ళలో ఆమె లేకుండా రాట్నం తిరగడం అదే మొదలు. ఆ పన్నెండు రోజులూ ఆమె తిండి సరిగా తినలేదు. అయినా ఒక్కసారి కూడా గోడ పట్టుకోలేదు.

పదమూడో రోజు మధ్యాహ్నం లారీ వచ్చింది. కొండలు చిక్కిపోయాడు. పనివాళ్ళకు హోటలు కూడు పడక ఇద్దరు మంచాన పడ్డారట. ఆయన ఇవేవీ ముందు చెప్పలేదు. భుజం మీది గోనెసంచి నా మెట్టు మీద దించాడు. లోపలున్నది బరువుగా మోగింది.

"గొలుసు తెచ్చా" అన్నాడు.

సైదమ్మ సంచి విప్పింది. ఒక కొసను కాలి కింద తొక్కి, రెండు చేతులా బలంగా లాగి చూసింది. ఆ పని ఏ ఇన్‌స్పెక్టరూ ఎప్పుడూ చేయలేదు. హుక్కు కొత్తది వేయిస్తానన్నాడు. టైర్లు మాట్లాడి వచ్చానన్నాడు. ఇంకేం కావాలన్నట్టు ఆమె వైపు చూశాడు.

"బండి వస్తది. నేను ముందు కూర్చుంటా."

"ముందు బల్బుల పెట్టె ఉంటది గదే."

"బల్బులు పగులుతయ్యని బొంత చుట్టి పక్కన పెట్టుకున్నావు. ఇన్నేళ్ళూ నన్ను యాడ పెట్టావయ్యా?"

మరి అన్నం అన్నాడు కొండలు, మెల్లగా. దిగినాక వండుతా, ఒక గంట ఆకలికి ఓర్చుకోండి, ఎవరూ సావరు అంది. అని, కంచంలో అన్నం పెట్టి ఆయన ముందుకు జరిపింది. ఆయన నా మెట్టు మీదే కూర్చుని తిన్నాడు. తిని, లారీ దగ్గరికి పోయి, చెక్కపెట్టెను రెండు చేతులా ఎత్తుకుని వచ్చి నాలో పెట్టాడు.

ఆ వారమే మళ్ళీ పరీక్ష. ఈసారి సిలార్ కొట్టు ముందు ఆగలేదు. టైర్లు సెకండ్‌హ్యాండువే, కానీ నావి. వీరరాఘవులు గారు వంగి గొలుసు పట్టుకుని లాగారు. చివరి ప్రశ్న తలెత్తి, సైదమ్మ వైపు చూస్తూ అడిగారు. ఆమె కొండలు వైపు చూసింది.

"ఎవరూ ఉండరు సార్" అన్నాడు కొండలు. పదాలు అవే. ఇన్నేళ్ళూ గడగడా అప్పగించినవాడు ఈసారి ఒక్కో ముక్కా ఆగి ఆగి అన్నాడు. వీరరాఘవులు గారు రాసిచ్చారు.

ఇది జరిగి రెండేళ్ళయింది. వీరరాఘవులు గారు రిటైరయ్యారు. సిలార్ కొట్టు ముందు వరస మాత్రం తగ్గలేదు, నాలుగో నంబరు టైర్లు రోజూ ఫిట్‌నెస్ తెచ్చుకుంటూనే ఉన్నాయి. ప్రతి ప్రయాణంలోనూ బల్బులు ఒకటో రెండో పగులుతాయి. కొండలు పెట్టె విప్పి చూసుకుని పగిలినవి పక్కన పడేస్తాడు, పెట్టె మళ్ళీ నాలోనే పెడతాడు. నా ఇరుసు అరిగిపోయింది. ఇంకో రెండు పరీక్షలకు మించి నిలవనని నాకు తెలుసు.

ఇప్పుడు ఎత్తు ఎక్కుతున్నప్పుడు గొలుసు నా ముందు ఊగుతూ చప్పుడు చేస్తుంది. లారీ ముందు అద్దంలోంచి సైదమ్మ బయటకు చూస్తూ ఉంటుందని అనుకుంటాను. నాకు కనబడదు. లోపల పొయ్యి చల్లగా ఉంటుంది. ఏ మలుపులోనో బుట్టలోంచి ఒక ఉల్లిపాయ జారి, ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు దొర్లుతూ ఉంటుంది. ఆపే పాదం లేదు. ఊరు వచ్చేదాకా దొర్లుతూనే ఉంటుంది.