ముప్పాతిక వంతు చుక్కలు

ఇన్సాఫ్ గీసిన బొమ్మకు కొలత తప్పదని అలెగ్జాండ్రియాలో బోర్డులు చేసేవాళ్ళందరికీ తెలుసు. ఆ పేరు మీదే అందరూ ఉస్తా అని పిలిచే మేస్త్రీ షెహాతా దుకాణంలో కంప్యూటరు ముందు కుర్చీ ఆమెకు దక్కింది. దాని మీద ఉస్తా మేనల్లుడు ఏడాదిగా కన్నేసి ఉన్నాడు.

అంధ బాలికల బడికి ఇరవై నాలుగు తలుపు పలకలు కావాలన్నారు. పైన అరబీ అక్షరాలు, కింద వేళ్ళతో చదివే బ్రెయిలీ చుక్కలు. ఇన్సాఫ్ గీసే ప్రోగ్రాము అంగుళాన్ని డెబ్భై రెండు భాగాలుగా లెక్కేస్తుంది. అచ్చు యంత్రం ప్రోగ్రాము తొంభై ఆరుగా. ఒకదాన్నించి ఇంకోదానికి పంపేటప్పుడు ఆ సంగతి చెప్పకపోతే బొమ్మ ముప్పాతిక వంతుకు కుదించుకుపోతుంది. ఎప్పుడూ చెప్పే ఇన్సాఫే ఈసారి మరిచిపోయింది. అన్నీ కలిసే చిన్నవయ్యాయి గనుక తెర మీద తేడా తెలియలేదు. పలకల మీద అక్షరాల చుట్టూ ఖాళీ ఎక్కువ మిగిలితే, అందంగానే ఉందిలే అనుకుంది.

ఆదివారం బడి తెరుస్తారనగా గురువారం పలకలు పట్టుకెళ్ళింది. వాటిని చదివి చూడాల్సింది అబ్లా ఫిక్రియా, పుట్టుకతోనే చూపులేని పంతులమ్మ. అక్కడ పంతులమ్మల్ని అబ్లా అనే పిలుస్తారు. మొదటి పలక మీద వేలు నడిపింది. మళ్ళీ నడిపింది.

“ఇదేంటి తల్లీ, ముద్దముద్దగా ఉంది?”

రెండోదీ, మూడోదీ చూసి చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుంది. “షుగరు కదా. వేళ్ళు మొద్దుబారతాయని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. నిన్నటిదాకా బానే చదివాను.”

ఇన్సాఫ్ సంచిలోంచి స్కేలు తీసింది. చుక్కకూ చుక్కకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలి. రెండు కూడా లేవు. పంపేటప్పుడు కొలత సంగతి చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. వరండాలోకెళ్ళి ఉస్తాకి ఫోన్ చేసింది.

“బిగించేసి రా. చూసేదెవరు? అందరూ గుడ్డిపిల్లలే కదా!” తన జోకుకు తనే నవ్వుకున్నాడు ఉస్తా. “అవన్నీ వెనక్కి తెచ్చావో, రేపట్నించీ కౌంటర్లో నిలబడి రసీదులు రాసుకో. కుర్చీ మావాడిది.”

తిరిగొచ్చేసరికి అబ్లా బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటోంది.

“హెడ్‌మిస్ట్రెస్‌కి ఇప్పుడే చెప్పకు తల్లీ. ఈ ఒక్క ఏడాదీ పాఠాలు చెప్పుకోనీ.”

ఇన్సాఫ్ పలకలు బిగించడానికి స్క్రూల పొట్లం విప్పింది. అబ్లా మీద జాలి లేక కాదు, కుర్చీ మీద ఆశ చావక.

అబ్లా ఇంకోసారి పలక అందుకుంది. “ఇది లైబ్రరీదా? ఊహించి చెబుతున్నా, చదివి కాదు.”

ఇక ఇన్సాఫ్ వల్ల కాలేదు. “మీ వేళ్ళకేం కాలేదు అబ్లా. తప్పు నాది. చుక్కలు ముప్పాతిక వంతే పడ్డాయి.”

అబ్లా బల్ల మీదున్న బ్రెయిలీ పుస్తకం లాక్కుని, చేతికొచ్చిన పేజీ తెరిచి, ఒక వాక్యం గట్టిగా చదివింది. ఎక్కడా తడబడలేదు. ఇందాకటినుంచీ దాన్ని ముట్టుకోవడానికి భయపడిందని ఇన్సాఫ్‌కి అప్పుడు తెలిసింది.

“ఫోన్ చేయడానికెళ్ళినప్పుడే తెలుసు కదూ నీకు?”

“తెలుసు.”

“మరి ఇంతసేపూ నన్నెందుకిలా కూర్చోబెట్టావు?”

“కుర్చీ కోసం, అబ్లా.”

అబ్లాకి ఆ మాట అర్థం కాలేదు. ఇన్సాఫ్ ఇరవై నాలుగు పలకలూ తిరిగి సంచిలో సర్దుకుంది.