పులుపుకి బయటపడ్డ నలుపు

నేను ఒక కొమ్మును. వెనకటి రోజుల్లో వేటగాళ్లు తుపాకి మందు తడవకుండా నాలాంటి కొమ్ముల్లో పోసుకుని నడుముకి కట్టుకునేవారు. నాలో ఇంతవరకు చిటికెడు మందు కూడా పడలేదు. పడినట్టు కనిపించడానికే నన్ను చేశారు. ఆ మాట చెప్పుకోవాలంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

పుట్టుకతో నేను ఎద్దు కొమ్మును, తెల్లగా ఉండేదాన్ని. దాలయ్య అనే కొమ్ముపనివాడు గాజుపెంకుతో నన్ను గీకి, జిడ్డు పోయేలా కుంకుడురసంతో కడిగాడు. ఉల్లిపొట్టు కాచిన నీళ్లలో నానబెడితే కొస తప్ప ఒళ్లంతా పసుపు పట్టింది. కొసని కరక్కాయ కషాయంలో ముంచి, ఇనుప తుప్పు ఊరిన నీళ్లు పూశాడు. నల్లబడ్డాను. నీళ్లు మరిగితే కొమ్ము మెత్తబడిపోతుందని మధ్యమధ్య వేలు ముంచి చూసుకునేవాడు. అంత శ్రద్ధ మంచి పనికి పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

పని చెప్పినవాడు పాత సామాన్ల వర్తకుడు. "నూరేళ్ల నాటిదానిలాగ సెయ్యాల. నీ వల్ల అవుతాదా?" అని అడిగాడు. దాలయ్యకి పౌరుషం వచ్చింది. ఎవరి కోసమని అడగడం మరిచిపోయాడు. మెచ్చుకుంటే మనుషులు ఎంత పనైనా చేస్తారు.

నేను పైడమ్మ టీచరు కోసం. ఆవిడ తండ్రి పారయ్య, చిన్నప్పుడు తన తాత నడుముకి చూసిన మందుకొమ్ముని మరిచిపోలేకపోయాడు. తాత చనిపోయిన ఏడు జమీందారు దివాణం మనుషులు దాన్ని పట్టుకుపోయారట. టీచరు పన్నెండేళ్లు ఊరూరా వెతికింది. గుర్తులన్నీ వర్తకుడికి చెప్పింది పాపం ఆవిడే. అదే ఇదని చెప్పి వాడు నన్ను ఆవిడకి అమ్మాడు.

చూపు పోయిన పారయ్య నన్ను తడిమాడు. "కొస నలుపేనా అమ్మీ?"

"నలుపే నానా. కడుపు పసుపు."

ఆయన నన్ను చెంపకి ఆనించుకుని ఏడ్చాడు. ఆ కన్నీళ్లు నావి కావు. అయినా అన్నీ నా మీదే పడ్డాయి.

నెల తిరక్కుండా పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. "మా అటక మీద ఓ పాత కొమ్ముందమ్మా. మీరు ఎతుకుతున్నారని ఇన్నాను" అన్నాడు. టీచరు నవ్వుతూ, "మాది దొరికీసింది బాబూ" అని మజ్జిగ ఇచ్చి పంపేసింది. గోడకి వేలాడుతూ నేను అంతా విన్నాను. నోరుంటే అరిచేదాన్ని.

పెద్దలకి పెట్టుకునే అమావాస్య వచ్చింది. టీచరు ఇత్తడి సామాన్లతో పాటు నన్నూ ముందేసుకుని చింతపండుతో తోమింది. తుప్పునీళ్ల నలుపు పులుపుకి ఆగదు. నా కొస ఆవిడ చేతుల్లోనే తెల్లబడింది. నాది పూసిన రంగని ఆవిడకి అర్థమైపోయింది. చేతులు కూడా కడుక్కోకుండా పక్క ఊరికి పరిగెత్తింది. అటక మీది కొమ్ముని ఆయన అప్పటికే దారిన పోయే ఎవరో పాత సామాన్లవాడికి ఇచ్చేశాడట. ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు.

నా వల్లే. నేను రాకపోతే ఆవిడ ఇంకా వెతుకుతూనే ఉండేది. ఆ రోజు గుమ్మంలోకి వచ్చినదాన్ని కాదనేది కాదు.

ఆవిడ తిరిగొచ్చి నన్ను పొయ్యిలో పడేస్తుందని ఎదురు చూశాను. అలా చేసినా బాగుండేది. కానీ మంచం మీంచి పారయ్య పిలిచాడు. "అమ్మీ, కొమ్ము ఏదీ? ఇలాగియ్యి."

ఆవిడ చీర చెంగుతో నన్ను తుడిచి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన నన్ను గుండెల మీద పెట్టుకున్నాడు.

"నాను పోయాక దీన్ని నాతోపాటే గోతిలో పెట్టీయండి. తాతకి సూపిత్తాను" అన్నాడు.

"అలాగే నానా" అంది టీచరు, మొహం పక్కకి తిప్పుకుని.

అప్పటి నుంచీ ఆ గుండె కొట్టుకోవడం వింటూ పడున్నాను. అది ఆగకూడదని ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ మొక్కుకునేది నేనే. ఆగిన రోజున ఆ తాత ఎదట నిలబడవలసింది నేను.