వదిన మేపుల్

మా ఊరు అంగ్యోలో ఇంటికో మొక్కల తోట. అంటు కట్టడంలో మా అన్నయ్య టొకుజికి ఎంత పేరో, నోటి దురుసుకీ అంత పేరు. కానీ మా తోటలో అన్నిటికన్నా అందమైన చెట్టు అతను కట్టిన అంటు కాదు. విత్తనం రాలి మొలిచిన మేపుల్ మొక్కల్లో ఒకదాన్ని మా వదిన కినుయె కలుపు తీస్తూ చూసి, పక్కకి తీసి పెంచింది. నడుమెత్తు చెట్టు. ఆకు అంచున గులాబీ రంగు. అలాంటిది ఇంకెక్కడా లేదు. ఎవరడిగినా ఒక్క రెమ్మ ఇచ్చేది కాదు.

ఆకులు రాలే రోజుల్లో వదిన పోయింది. ఆ చలికాలమే చెట్టుకి తెగులు పట్టి, కొమ్మ తర్వాత కొమ్మ నల్లబడింది. ప్రాణమున్న ఆఖరి రెమ్మని అన్నయ్య కోసి, కుండీలోని మామూలు మేపుల్ మీద అంటు కట్టాడు. అది అతుక్కుంటే వదిన చెట్టు మిగులుతుంది. లేకపోతే లేదు.

అంటుని చల్లటి పాకలో ఉంచాలి. వెచ్చదనం తగిలితే అతుకు పడకముందే మొగ్గ విచ్చుకుని, రెమ్మలో ఉన్న కాస్త సత్తువా హరించుకుపోతుంది. ఈ సంగతి మరిచిపోయిన పనివాళ్ళని అన్నయ్య తిట్టని తిట్టు లేదు.

ఒకరోజు అన్నయ్యకి అన్నం పట్టుకెళ్ళి చూద్దును కదా, కుండీ ఇంట్లో ఉంది. వదిన ఫొటో ముందు, అగరొత్తుల పక్కన. అక్కడే చలి కాచుకునే స్టవ్ మండుతోంది.

"అన్నయ్యా, మతి పోయిందా నీకు? పాకలో పెట్టు దాన్ని."

"పాకలో ఒక్కతే వణుకుతోందే."

"వదిన ఉంటే నిన్ను కూడా పాకలోకి తోసేది."

కుండీ ఎత్తబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకుంటే విదిలించుకునేదాన్ని. మెల్లగా పట్టుకున్నాడు.

కొద్దిరోజులకే మొగ్గ విచ్చుకుంది. అంచున అదే గులాబీ రంగు. "చూశావా కినుయె," అన్నాడు ఫొటోతో. అతుకు ఇంకా పడనేలేదు. వారం తిరక్కుండా ఆకు వడిలింది, రెమ్మ నల్లబడింది.

వసంతంలో అతుకు కింద నుంచి పచ్చటి చిగురు లేచింది. అది కింది మొక్కది. అలాంటి చిగుళ్ళని అన్నయ్య జన్మంతా గోటితో గిల్లి పారేశాడు. అలవాటుగా నేనూ చెయ్యి చాచాను.

"వద్దే మిత్సుయో."

"ఇది వదినది కాదన్నయ్యా."

"నాకు తెలీదంటావా? దాన్ని చంపింది నేనే అని కూడా తెలుసు," అన్నాడు. "పొద్దున్నే తన ఫొటో ముందు అన్నం పెట్టేటప్పుడు అక్కడ ఏదో ఒకటి పచ్చగా ఉండనీవే."

కుండీ ఇంకా అక్కడే ఉంది. చిగురు బాగా ఎదిగింది, అన్ని మేపుల్స్ లాగే పచ్చగా ఉంది. రోజూ అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో ఆకూ తిప్పి అంచులు చూస్తాడు.