చుక్కవానిమెట్టలో పెనం మాయం

“ఒక్క దెబ్బ పడ్డాదంటే అందర్నీ టేసన్లో ఎట్టేత్తాను! ఆ కర్ర దించు గురువులూ, దించమన్నానా!”

తవిటయ్య గొంతు చించుకున్నాడు. గానుగ చుట్టూ మూగిన జనం ఒక్కసారి అతని వైపు తిరిగారు. తిరిగి, ఫక్కున నవ్వేశారు.

నవ్వక ఏం చేస్తారు? నెత్తిన టోపీ ఉంది. ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. నడుముకి బెల్టు కూడా ఉంది. కానీ ఆ బెల్టు కింద నీలం గళ్ళ లుంగీ ఉంది. హోంగార్డు తవిటయ్యకున్న ఒక్కగానొక్క ఖాకీ ప్యాంటు ఇంటి దగ్గర దండెం మీద ఆరుతోంది.

“ముందు పేంటేసుకొని రా బావా, అప్పుడు ఎడుదువు గాని మమ్మల్ని టేసన్లో!” అన్నాడు గవర్రాజు. గవర్రాజు తవిటయ్య భార్యకి స్వయానా పెద్దన్నయ్య. ఊళ్ళో అందరికంటే పెద్ద గొంతు అతనిదే.

ఆ నవ్వే సూరన్నని కాపాడింది. లేచిన కర్రలు కాస్త కిందికి దిగాయి. ఆ సందులోనే తవిటయ్య దూరి, గానుగ రాటకి కట్టేసి ఉన్న సూరన్నకి అడ్డంగా నిలబడ్డాడు. సూరన్న అప్పటికే చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. అతను విశాఖ వన్ టౌన్ నుంచి సైకిల్ మీద వచ్చే పాతినుప సామాన్ల వాడు. విరిగిన కొడవలి ఇస్తే ఉల్లిపాయలిస్తాడు, చిల్లుపడ్డ బాల్చీ ఇస్తే ఇంకో నాలుగు ఎక్కువేస్తాడు.

అతను చేసిన తప్పల్లా ఒకటే. నిన్న పొద్దున్నే, పొయ్యి వెలిగించక ముందు, గానుగ పాక ముందు ఆగి, బెల్లం పెనాన్ని వేళ్ళతో టంగుమనిపించి, “ఇనుమంటే ఇదీ! అమ్ముతారేటి?” అని సరదాకి అడిగాడు. ఈ రోజు లేచి చూస్తే పెనం లేదు, ఎప్పట్లా సైకిలేసుకొచ్చిన సూరన్న జనం చేతికి చిక్కాడు.

చుక్కవానిమెట్టకి పెనం అంటే మామూలు విషయం కాదు. గాజువాక దాటి లోపలికి వెళ్తే వచ్చే ఆ ఊళ్ళో చెరుకు పండించని ఇల్లు లేదు. ఊరంతటికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క పెనం. నలుగురు మోస్తే గాని కదలదు. ఎవరి వంతు రోజున వాళ్ళు గానుగాడించి, రసం పెనంలో పోసి, బెల్లం వండుకుంటారు. ఈ రోజు వంతు వరహాలమ్మది. ఆమె చెరుకంతా నరికించి గానుగ దగ్గరకి చేర్పించింది. ఆ మోపులు ఇప్పుడు ఎండలో వాడిపోతున్నాయి. ఎండ ముదిరిన కొద్దీ జనం కోపమూ ముదురుతోంది.

“ఓలమ్మో, నా సెరుకంతా కర్రలైపోతంది! ఆణ్ణి నిజం సెప్పించండర్రా!” అంది వరహాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని.

“అత్తా, ఒక్క మాట ఇను. నలుగురు మోసే పెనం. ఈడొక్కడు సైకిల్ మీద ఎట్టుకొని పట్టికెళ్ళిపోనాడా?” అన్నాడు తవిటయ్య.

“వన్ టౌన్లో ఈడికి ఇంకో ముగ్గురు నేరా ఏటి? లారీ తెచ్చుంటాడు,” అన్నాడు గవర్రాజు తల బరబరా గోక్కుంటూ.

“లారీ వత్తే నీకు ఇనబడ్నేదా? రోడ్డు పక్కనే కదా నీ ఇల్లు?”

“నాను తొంగుంటే కొండ ఇరిగి పడ్డా లెగను బావా. మీ సెల్లెల్నే అడుగు.”

మళ్ళీ నవ్వులు. కానీ ఈసారి నవ్వు తొందరగా చల్లారింది. ఎవరో వెనక నుంచి, “కాళ్ళు ఇరగ్గొడితే ఆడే సెప్తాడు,” అన్నారు. సూరన్న కళ్ళు మూసుకున్నాడు.

తవిటయ్యకి పాత సంగతి గుర్తొచ్చింది. పోయిన ఏడు పక్క ఊళ్ళో ఇలాగే మేకల దొంగ అని ఒకణ్ణి కొట్టారు. మేకలు ఆ సాయంత్రమే వాటంతటవే ఇంటికొచ్చాయి. ఆ మనిషి మాత్రం ఇప్పటికీ కుంటుతూనే ఉన్నాడు. ఆ రోజు అక్కడ ఒక్క ఖాకీ చొక్కా ఉన్నా అలా జరిగేది కాదని ఎస్సైగారు పది మంది ముందు అన్నారు. హోంగార్డంటే నెలలో కొన్నాళ్ళు డ్యూటీ, తక్కిన రోజులు చెరుకు తోట అనుకుని చేరిన తవిటయ్య ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

పోనీ పోలీసులొస్తారా అంటే, జిల్లాలో ఉన్న ఖాకీలన్నీ ఈ పూట ఉక్కు ఫ్యాక్టరీ దగ్గరే ఉన్నాయి; సాయంత్రం డ్యూటీ పడబట్టి తవిటయ్య ఒక్కడు మిగిలాడు. ఢిల్లీ నుంచి ఎవరో మంత్రి పనులు చూడటానికి వస్తున్నాడు. తెల్లారగానే ఊళ్ళో కుర్రాడు రమణమూర్తికి సైకిలిచ్చి ఎస్సైకి కబురంపాడు. అది చేరిందో లేదో తెలియదు.

“సరే,” అన్నాడు తవిటయ్య గొంతు సవరించుకుని. “ఈడు దొంగే అనుకుందాం. దొంగైతే ఇప్పుడు ఈడు గవుర్మెంటు సొమ్ము. గవుర్మెంటు సొమ్ము మీద సెయ్యేస్తే ఏటవుద్దో తెలుసా?”

ఏమవుతుందో అతనికీ తెలియదు. కానీ జనానికీ తెలియదు కాబట్టి మాట చెల్లింది. గబగబా తాడు విప్పి, సూరన్నని గానుగ పక్కనున్న బెల్లం గదిలోకి తోసి, తలుపుకి తాళం వేశాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“నాను పేంటేసుకొని వత్తాను. అందాకా ఎవుడైనా తలుపు ముట్టుకున్నాడా, ఆడే పెనం దొంగ!”

“బేగి రా బావా. మద్దినేళ దాకా సూత్తాం. ఆ తరవాత తాళం బద్దలే,” అన్నాడు గవర్రాజు. ఆ పైన జనం వైపు తిరిగి ఓదార్పుగా అన్నాడు, “పోన్లెండర్రా, పోయిన పెనం పోయింది. బండి కట్టుకొని అనకాపల్లి ఎళ్ళి నానే కొత్త పెనం తెత్తాను. ఏటంటారు?”

“నువ్వు బంగారంరా గవర్రాజూ!” అంది వరహాలమ్మ.

తవిటయ్య ఇంటివైపు పరుగులాంటి నడక అందుకున్నాడు. అతని మనసులో ఇంకో గుబులుంది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు. నిన్న వంతు అతనిదే. ఆఖరి పాకం పొయ్యి మీద ఉడుకుతుండగా బందోబస్తు రిహార్సలుకి రమ్మని పిలుపొచ్చింది. తెడ్డు పక్కన పడేసి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి పాకం మాడి, పెనానికి వేలెడు మందాన అంటుకుపోయింది. వంతు అయినవాడు పెనం కడిగి తళతళలాడించి పక్కవాడికి అప్పగించాలి. అది ఊరి కట్టు. ఒళ్ళు అలసిపోయి, తెల్లారాక కడుగుదాంలే అనుకున్నాడు. పెనం పోయిందనగానే, నిజం చెప్పాలంటే, ముందు ఒక్క క్షణం హమ్మయ్య అనుకున్నాడు కూడా.

ఇంట్లో కాంతం చీపురు పట్టుకుని గోడతో యుద్ధం చేస్తోంది.

“వచ్చావా? ఇదిగో, నీ పేంటు ఇంకా ఆర్నేదు. ఈ సీమలతో సచ్చిపోతన్నాను. ఎక్కడ్నించి వత్తన్నాయో ఏటో, గోడంతా దండే!”

తవిటయ్య చూశాడు. ఎర్రచీమలు గుమ్మం కింద నుంచి బయల్దేరి, గోడ ఎక్కి, వంకీకి తగిలించిన పాత తువ్వాలులోకి బారులు తీరి వెళ్తున్నాయి.

“ఎవల్దే ఆ తువ్వాలు?”

“మా పెద్దన్నయ్యది. పొద్దు పొడవకుండా వచ్చాడు. నీ కొత్త తువ్వాలు అడిగి తలకి చుట్టుకున్నాడు. ఇది ఉతికెట్టమని పడీసి పోనాడు. ఒదిన తిడద్దంట.”

తవిటయ్య తువ్వాలు అందుకున్నాడు. నడిమధ్యన, తలపాగా చుట్టినప్పుడు సరిగ్గా నెత్తి మీదికొచ్చే చోట, నల్లగా, జిగటగా ఏదో అట్టకట్టి ఉంది. చీమలు దులిపి, వేలితో గీరి, నోట్లో పెట్టుకున్నాడు.

“ఓలమ్మా! మతి గాని పోయిందేటి నీకు? మా అన్నయ్య మాసిన తలపాగా నాకుతున్నావేటి!”

తవిటయ్య ఇంకోసారి చప్పరించాడు. తీపి. తీపి వెనక మాడు చేదు. ఊళ్ళో ఎవరూ ఇంత దరిద్రంగా బెల్లం మాడ్చరు. అది అతని పాకమే. నలుగురు మనుషులు పెనాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని మోస్తే, లోపలి పాకం ఎక్కడ అంటుకుంటుంది? కడిగిన పెనమనుకుని ఎత్తుకున్న మనిషి తలపాగాకే కదా!

“కాంతం, ఒక మాట సెప్పు. కొత్త పెనం ఊళ్ళోకి తెచ్చినోడికి ఏటిత్తారు?”

“ఏటిత్తారు, ఫస్టు వంతు ఇత్తారు. మా తాత తెచ్చినప్పుడూ…”

మాట సగంలో ఆగిపోయింది. చీపురు కూడా ఆగిపోయింది. గవర్రాజు వంతు ఈ ఏడు అందరికంటే ఆఖరున పడింది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అతను అది సహించలేక సణుగుతున్న సంగతి కాంతానికి అందరికంటే ఎక్కువ తెలుసు.

“తోడు మోసిన ముగ్గురూ మీ అన్నయ్య కూలోళ్ళే అయ్యుంటారు,” అన్నాడు తవిటయ్య తువ్వాలు మడుస్తూ.

“మా అన్నయ్యని జైల్లో ఎట్టిత్తావా?” అంది కాంతం.

“పెనం ఊళ్ళోనే దాచుంటాడు. దొరికితే జైలు దాకా ఎళ్ళదు. దొరక్కపోతే ఆ సూరన్న కాళ్ళు మిగల్వు. మద్దినేళ దాకానే గడువు.”

“నువ్వు సెప్తే మా పుట్టింటోళ్ళు మన గుమ్మం తొక్కరు.”

“తెలుసు.”

“మా వదిన నన్ను నీళ్ళకాడ దులిపేద్ది.”

“అదీ తెలుసు. నువ్వేటంటే అదే సేత్తాను. వద్దంటే ఈ తువ్వాలు పొయ్యిలో ఎట్టేద్దాం.”

కాంతం పెరట్లోకి వెళ్ళింది. దండెం మీది ప్యాంటు తీసింది. రెండు కాళ్ళూ పట్టుకుని గట్టిగా విదిలించింది. తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

“తడైనా పర్నేదు, ఏసుకో. మొన్నే సూరన్న నా ఇరిగిపోయిన అట్లకాడకి బుట్టెడు ఉల్లిపాయలిచ్చాడు. అలాటోణ్ణి కొడతారా?” అంది. “నువ్వు గానుక్కాడికి ఎళ్ళు. నాను తాయారునీ, సన్యాసమ్మనీ, ఇంకో ఇద్దరు ఆడోళ్ళనీ తీస్కొని అన్నయ్య గడ్డిమేటు కాడికి ఎళ్తాను. ఆడు సిన్నప్పుడు నా మావిడికాయలు కూడా అందులోనే దాచీవోడు.”

తవిటయ్య తడి ప్యాంటు వేసుకుని, తువ్వాలు చంకన పెట్టుకుని గానుగ చేరేసరికి, ఇందాక కర్ర ఎత్తిన గురువులు తాళం మీద గునపం పెట్టి ఉన్నాడు. లోపల నుంచి సూరన్న ఏ దేవుడూ మిగలకుండా అందరినీ పిలుస్తున్నాడు.

“ఏరా, మద్దినేళ అయిపోనాదా అప్పుడే?” తవిటయ్య గునపం పట్టుకుని లాగాడు. గురువులు వదల్లేదు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, ఊరి పొలిమేర నుంచి బుల్లెట్ మోటారు సైకిల్ చప్పుడు వినిపించింది.

ఎస్సై భీమశంకరరావు దిగాడు. గోదావరి జిల్లా మనిషి. వెనక రమణమూర్తి కూర్చుని ఉన్నాడు, ఊళ్ళో వాళ్ళంతా తనని చూస్తున్నారా లేదా అని చూసుకుంటూ.

“ఏంటయ్యా ఈ గోలంతా? మంత్రిగారి విమానం లేటని తెలిసి పరిగెత్తుకొచ్చాను. అరగంటలో నేనక్కడుండాలి. దొంగని పట్టుకున్నారంట, ఏడీ?”

“గదిలో ఉన్నాడండి బాబూ!” గవర్రాజు ముందుకొచ్చాడు. “పట్టికెళ్ళిపోండి. మేం కొత్త పెనం తెచ్చుకుంటాం.”

“గదిలో ఉన్నోడు దొంగ కాదు సార్,” అన్నాడు తవిటయ్య.

జనం గొల్లుమన్నారు. “లంచం మింగీసినావేటి? ఉల్లిపాయలు ఎన్నిచ్చాడు?” అని ఎవరో అరిచారు.

“దొంగ కాదనడానికి నీ దగ్గర ఏముంది?” అన్నాడు ఎస్సై.

“తప్పు నాదొకటుంది సార్. నిన్న పెనం కడక్కుండా వొగ్గేశాను.”

ఆ మాటకి వరహాలమ్మ నోరు తెరిచింది. “కడక్కుండానా? నా వంతుకి మురికి పెనం వొగ్గేస్తావా? నీ బెల్టు పీకెయ్యా!”

“తరవాత తిట్టుకుందువు గాని అత్తా. పాకం ఏలెడు మందాన ఉంది. బోర్లించి మోసినోడి తలపాగాకి అంటుకుంది. ఆ తలపాగా ఇదిగో.”

తవిటయ్య తువ్వాలు విప్పి పట్టుకున్నాడు. ఎస్సై వేలితో ముట్టుకుని, వాసన చూసి, ముఖం ముడిచాడు. ఇంకా వదలని చీమలు రెండు అతని చేతి మీదికి పాకాయి. ఊళ్ళో సగం మంది తువ్వాళ్ళు అలాంటివే, ఎవరిదో పోల్చుకోవడం కష్టం. జనం ఒకరి తల ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. గవర్రాజు గోక్కుంటున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అప్పుడే రోడ్డు మీద పెద్ద నల్లటి తాబేలు నడిచొస్తున్నట్టు కనిపించింది. తాబేలు కింద ఎనిమిది ఆడకాళ్ళున్నాయి. ముందు కాంతం, గడ్డిపోచలు జుట్టులో చిక్కుకుని, దారి చూపిస్తూ నడుస్తోంది. గానుగ ముందు దించారు. పెనం దద్దరిల్లింది.

“నా తల్లే! నా తల్లే!” వరహాలమ్మ పెనాన్ని కావిలించుకుంది. మరుక్షణం జిగటకి చేతులు అంటుకుని, తవిటయ్యని మళ్ళీ తిట్టింది.

“ఎక్కడ దొరికిందమ్మా?” అన్నాడు ఎస్సై.

“నన్నడక్కండి బాబూ. ఆ పేరు నా నోటితో సెప్పను,” అంది కాంతం. “హోంగార్డుగారు అక్కడున్నారు కదా. జీతం ఆయనకిత్తన్నారు, ఆయన్నే అడగండి.”

అందరి కళ్ళూ తవిటయ్య మీద పడ్డాయి. తడి ప్యాంటు కాళ్ళకి అంటుకుపోయి ఉంది. ఎదురుగా గవర్రాజు, తవిటయ్య కొత్త తువ్వాలు తలకి చుట్టుకుని, కళ్ళతోనే బతిమాలుతున్నాడు. రేపటి నుంచి ఇంట్లో భోజనం ఎలా ఉంటుందో, అత్తారింటి గుమ్మం ఎంత దూరమవుతుందో తవిటయ్యకి ఒక్కసారిగా తోచింది. ముందు జేబులో నుంచి తాళంచెవి తీసి గురువులు చేతిలో పెట్టాడు.

“తలుపు తియ్యి. సూరన్నకి మజ్జిగియ్యండి.”

తర్వాత మడమలు కలిపి, పెరేడ్‌లో నేర్పించినట్టు ఛాతీ విరిచి, ఎస్సైకి సెల్యూట్ కొట్టాడు.

“టైం లేదు తవిటయ్యా. ఎవడయ్యా దొంగ?”

“గవర్రాజు, సార్,” అన్నాడు తవిటయ్య ఊరంతా వినేలా. “మా బావ గవర్రాజు.”