ఆదివారం హాజరు

వారమంతా బస్ డిపోలో డ్రైవర్లతో గొంతు చించుకునే టైమ్‌కీపర్‌కి ఆదివారం పొద్దునైనా మనశ్శాంతి ఉండాలా, వద్దా? హామ్ రేడియో క్లబ్బుకు కార్యదర్శిగా ఉండమంటే, పోనీలే కాలక్షేపం అనుకుని ఒప్పుకుంది. ఇప్పుడు తల ప్రాణం తోకకొస్తోంది. దానికి కారణం ఎవరో పరాయివాడైతే నాలుగు దులిపేసేది. సొంత బాబాయి! ఆమెకు రేడియో నేర్పి, దగ్గరుండి లైసెన్సు పరీక్ష రాయించిన బాబాయి.

ఆదివారం ఎనిమిదింటికి సభ్యులంతా ఎవరిళ్ళలో వాళ్ళు సెట్ల ముందు కూర్చుంటారు. బాబాయి తన ఇంటి నుంచి ఒక్కొక్కరినీ పిలిచి హాజరు తీసుకుంటాడు, ఎవరి సిగ్నల్ ఎలా వస్తోందో చెబుతాడు. చెప్పడానికేముంది, అందరికీ ఒకటే మాట: "నిండుగా వినిపిస్తున్నారు!" గరగరలాడేవాడికీ అదే, సగం మాటలు గాల్లో కలిసిపోయేవాడికీ అదే. పైగా ఒకరు మాట్లాడుతుండగానే ఇంకొకరిని పిలుస్తాడు. సభ్యుల్లో పళ్ళ డాక్టరైతే ఒంటికాలి మీద లేచాడు.

"మీ బాబాయిగారికి వినపడటం లేదండీ. వచ్చే వారం నుంచి ఇంకెవరైనా చూస్తారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

చెవినిల్లు కట్టుకుని పోరితే తనే చెప్తానంది. ఈ రోజు హాజరు కాగానే వెళ్ళి చెప్పాలి. ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు.

ఎనిమిదింటికి బాబాయి అందరికీ నమస్కారం చెప్పాడు, మొదటి పిలుపు పిలిచాడు. పిలిచాక మైకు బటన్ వదిలితే కదా అవతలివాళ్ళు పలికేది! వదల్లేదు. కుర్చీ కిర్రుమంది, ఫ్యాను గిరగిరమంది, పిన్ని దగ్గింది. అన్నీ ఊరంతా వినిపిస్తున్నాయి. మైకు ఎక్కడో ఇరుక్కుని బటన్ నొక్కుకుపోయింది. అది వదిలేదాకా ఛానల్ మొత్తం ఆయనదే, ఎవరు ఎంత అరిచినా ఆయన సెట్లోకి ఒక్క ముక్క రాదు.

ఆమె పిన్నికి ఫోన్ చేసింది. అక్కడ మోగిన ఫోను ఇక్కడ తన రేడియోలోనే వినిపించింది.

"అమ్మాయి చేస్తోందండీ!" అని పిన్ని అరిచింది.

"తియ్యకు. మానెయ్యమనడానికే అయ్యుంటుంది," అన్నాడు బాబాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో పట్టే చిన్న సెట్టు బ్యాగులో పడేసుకుని స్కూటర్ తీసింది. బ్యాగులోంచి సంసారం వినిపిస్తూనే ఉంది.

"ఎవరొచ్చారే?" అని బాబాయి అడుగుతున్నాడు.

"ఎవరూ పలకడం లేదు! ఒక్కరు కూడా!"

బాబాయి కుర్చీ కిర్రుమంది.

"అయితే వెలేశారన్నమాట. అమ్మాయి కూడా పలకలేదా?"

"అదీ పలకలేదు."

"పలికాను పిన్నీ, గొంతు పోయేలా పలికాను!" అని ఆమె బ్యాగు మీద అరిచింది. సిగ్నల్ దగ్గర ఆగిన జనమంతా తిరిగి చూశారు.

"పోనీ మానేద్దాం," అంటున్నాడు బాబాయి. "ఎవరు పలికారో నువ్వు వేళ్ళతో చూపించడం, నేను నిండుగా ఉందనడం. ఎన్నాళ్ళీ దొంగ నాటకం? నీకు సిగ్గుగా లేదూ?"

"నాకేం సిగ్గు లేదు!" పిన్ని గొంతు పెంచింది. "పెళ్ళయినప్పట్నుంచీ ఈ గదిలో మీ వీపు చూస్తూ కాఫీ పెట్టి పోయాను. మీకు చెవులు పోయాకే కదా నా మొహం చూడటం మొదలెట్టారు! వారానికో గంట. అది కూడా లాక్కుంటారా వీళ్ళు?"

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగుతున్నా ఆమె కదల్లేదు. ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కోపమూ వచ్చింది. ఈ ముక్క తనతో ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఇప్పుడు పళ్ళ డాక్టరుతో సహా క్లబ్బంతా వింటోంది.

ఆ ఇంటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి గదిలోకి దూసుకెళ్ళింది. బల్ల అంచుకీ కుర్చీ చేతికీ మధ్య ఇరుక్కున్న మైకును ఒక్క గుంజు గుంజింది. బటన్ వదలగానే స్పీకరు పలికింది. పళ్ళ డాక్టరు.

"నేను హాజరండీ. మీ ఇద్దరికీ నమస్కారం."

ఎవరు పలికారో చూపించడానికి లేచిన పిన్ని చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఇద్దరికీ అంటాడేమిటే?"

"మొదట్నుంచీ మీరిద్దరూ ఛానల్లోనే ఉన్నారు పిన్నీ. అందరూ విన్నారు."

పిన్ని రెండు చేతులతో మొహం కప్పుకుంది. బాబాయి ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అందరూ విన్నారు!" అని ఆమె పెదాలు బాగా కదుపుతూ మళ్ళీ అరిస్తే ఆయనకు తెలిసింది. కుర్చీ గోడ వైపు తిప్పేసుకున్నాడు.

"ఇంక నువ్వే చూసుకో అమ్మాయ్. నా పని అయిపోయింది."

"నేనా? నా వల్ల కాదు!" అని డ్రైవర్ల మీద అరిచినట్టే అరిచింది. ఆయనకు వినపడలేదు. స్పీకరులో రెండో మనిషి హాజరంటున్నాడు, ఆ వెనక మూడో మనిషి. ఆమె వెళ్ళి ఆయన కుర్చీ వీపు పట్టుకుని, దాని కాళ్ళు నేల మీద కీచుమంటుంటే పిన్నికి ఎదురుగా ఈడ్చింది. మైకు బాబాయి చేతిలో కుక్కింది.

"చేతులు తియ్యి పిన్నీ," అంది విసుగ్గా, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు మొహం కప్పుకుంటే ఆయనకెలా వినపడుతుంది?"