వార్డు సింకు

"ఇంట్లో సింకు నిండా అంట్లు పెట్టుకుని ఆస్పత్రి సింకులు తోమడానికి బయల్దేరింది మహాతల్లి," అన్నాడు మా ఆయన, తాగిన టీ గ్లాసు తెచ్చి ఆ అంట్ల మీదే పెడుతూ. అత్తయ్య నవ్వింది. గ్లాసుతో సహా అన్నీ కడిగే బస్సెక్కాను.

నేను ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్ని. ఆ వారం పసిపిల్లల వార్డు నుంచి మూడు రక్తం శాంపిళ్లు వచ్చాయి. ప్లేటు మీద సూక్ష్మజీవిని పెంచి, పైన మందుబిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనబడుతుంది. మూడింటిలోనూ ఒకటే సూక్ష్మజీవి. పన్నెండు బిళ్లలు పెట్టాను. ఒక్క వలయం లేదు. మందుని ఆనుకుని మరీ పెరిగింది, సిగ్గులేనిది. ఎవరూ చెప్పకుండానే వార్డుకెళ్లి, చేతులు కడుక్కునే సింకు జాలీ కింద దూదిపుల్ల తిప్పి తెచ్చాను. పెంచి చూస్తే అక్కడా అదే.

మా ల్యాబు పెద్దసారు రిపోర్టులో సింకు గురించి రాసిన లైను చూసి, "ఆడవాళ్లకి ఎక్కడికెళ్లినా సింకే కనబడుతుందేమమ్మా? ఆ లైను తీసేసి పట్రా, సంతకం పెడతా," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా కళ్లు పొడుచుకుని ప్లేట్లు చూసేది నేను, పేరు ఆయనది. ఇక్కడ "సరే సార్", ఇంట్లో "సరేనండి". ఆ రోజు కూడా నోటికి అదే వచ్చింది. అందుకే నా మీద నాకే ఎక్కువ కోపం.

మధ్యాహ్నానికి ఆ ముగ్గురిలో ఒక బిడ్డ పోయింది.

వరండాలో తల్లి గోడకి ఆనుకుని కూర్చుంది. ఇరవై ఏళ్లుంటాయో లేదో. "చేతులు కడుక్కోకుండా ఎత్తుకుంటే ఇంతే. నర్సమ్మ కూడా అదే అంది," అంటోంది ఆమె అత్త. మొగుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆ పిల్ల అరచేతులు ముందుకు చాపింది. "కడుక్కున్నానత్తయ్యా. ప్రతిసారీ ఆ సింకులోనే కడుక్కున్నా."

ల్యాబుకి పోతున్నదాన్ని వెనక్కి తిరిగాను.

వార్డులోకెళ్లి ఆ కుళాయి కట్టేసి, వాడొద్దని కాగితం అంటించాను. "సారు చెప్పారా?" అంది నర్సు. "నేను చెప్తున్నా," అన్నాను. ల్యాబుకెళ్లి ఒక్క లైనూ తీయకుండా రిపోర్టు రెండు ప్రింట్లు తీశాను. ఒకటి సూపరింటెండెంటు చేతికే ఇచ్చి, రెండోది తీసుకుని వరండాకి వచ్చాను.

ఆ పిల్ల పక్కన నేలమీద కూర్చున్నాను. "నీ చేతుల తప్పేం లేదమ్మా. జబ్బు ఆ సింకులో ఉంది," అన్నాను, అత్తకీ మొగుడికీ వినబడేలా. కాగితం ఆమె చేతిలో పెట్టాను.

"కింద సంతకం నాది. ఎవరడిగినా నా పేరు చెప్పు."