సెలవురోజు ఫోన్ ఎత్తకు

ఎర్లాంగర్ ఊళ్లో, విమానాశ్రయం కంచెకి ఇవతల, పైలట్లు మంచానికింతని అద్దె కట్టి పడుకునే ఇల్లొకటి ఉంది. పేరుకే ఇల్లు. గదినిండా మంచాలు, వంటింట్లో ఎవరూ కడగని గిన్నెలు, కిటికీలకి పగటిని చీకటి చేసే నల్లటి పరదాలు. ఆకాశంలో అంతంత విమానాల్ని నడిపే వీరులు ఇక్కడికొచ్చి కింది మంచం ఎవరిదని కోళ్లలా పొడుచుకుంటారు. వాళ్ల మాటల్లో మబ్బులూ ఉండవు, రెక్కలూ ఉండవు. ఎప్పుడు చూసినా ఒకటే గోల, సెలవు. ఎవరికి దొరికింది, ఎవరు కొట్టేశారు, ఎవడి నోటి దగ్గర కూడు ఎవడు లాక్కున్నాడు. వింటే అసహ్యం వేస్తుంది.

వెండెల్ టాకెట్ ఆ ఇంట్లో పై మంచం మనిషి. చిన్న విమానాలతో చాలాకాలం కుస్తీ పట్టి, రివర్‌బెండ్ కార్గోలో కొత్తగా చేరాడు. ఆ కంపెనీలో మంచి రూటైనా, పండగ సెలవైనా, అన్నీ వరసనిబట్టే. ముందు చేరినవాడిది ముందు. ఒకేరోజు చేరినవాళ్లలో వయసులో పెద్దవాడిది ముందు. వెండెల్ తన బ్యాచ్‌లో అందరికన్నా చిన్న. అంటే కంపెనీ మొత్తానికి అతనే తోక. ప్రతిభ మాట అక్కడ ఎత్తితే పడీపడీ నవ్వుతారు.

"మీ అమ్మ నిన్ను ఓ రెండేళ్లు ముందు కనుండాల్సింది నాయనా," అన్నాడు గ్రోవర్ స్టిడ్‌హామ్, మొదటిరోజే.

గ్రోవర్ ఆ ఇంటికి పెద్దదిక్కు. జుట్టంతా నెరిసినా ఇంకా కోపైలటే. కెప్టెన్‌ని చేస్తామంటే ప్రతిసారీ వద్దన్నాడు. కెప్టెన్ల వరసలో తోకయ్యేకన్నా కోపైలట్ల వరసలో తలగా ఉంటేనే సెలవులు బాగా దొరుకుతాయని ఆయన లెక్క. అందరూ ఛీ అనుకునే స్టాండ్‌బై డ్యూటీని ఆయన కోరి మరీ తీసుకుంటాడు. ఎవడికైనా జ్వరమొస్తే పిలవడానికి కట్టేసి ఉంచుకునే మనుషులే స్టాండ్‌బై వాళ్లు. పిలుపు మాత్రం తోకవైపు నుంచి మొదలవుతుంది. వెండెల్ లాంటివాళ్లందరూ ఎగిరిపోయాక గానీ గ్రోవర్ దాకా రాదు. ఆయన జీతం తీసుకుంటూ గురక పెడతాడు. దానికి అనుభవం అని పేరు పెట్టుకున్నాడు.

పెద్దల మాట చద్దిమూట అని వెండెల్ ఆయన చెప్పిందల్లా తలకెక్కించుకున్నాడు.

"సెలవురోజు కంపెనీ ఫోనొస్తే ఎత్తకు," అనేవాడు గ్రోవర్. "ఎత్తి హలో అన్నావా, అయిపోయావ్. మనుషులు తక్కువయ్యారు, రా అంటారు. ఎత్తకపోతే నిన్నెవడూ ఏమీ అనలేడు."

"మరి గొంతు రికార్డు చేసి మెసేజ్ పెడితే?"

"అందుకే ఫోన్లో మెసేజ్‌లు పడే మెయిల్‌బాక్స్ ఎప్పుడూ నిండా పెట్టుకోవాలి. చోటే లేకపోతే వాళ్ల గోడు ఎక్కడ పెడతారు?"

అది మాత్రం వెండెల్‌కి కష్టం కాలేదు. అతని మెయిల్‌బాక్స్ నిండా ఐవీ గొంతే. ఐవీ అతని భార్య డార్లా కూతురు, పదేళ్ల పిల్ల. కన్నతండ్రి ఆ పిల్ల నడక నేర్వకముందే ముఖం చాటేశాడు. వెండెల్ గాల్లో ఉన్నప్పుడు ఐవీ పాటలూ, బడి కబుర్లూ, కుక్క మీద చాడీలూ మెసేజ్‌లుగా పెట్టేది. ఒక్కటి కూడా చెరపబుద్ధి కాలేదతనికి.

ఆ ఐవీని దత్తత తీసుకోవడానికి కోర్టు తేదీ దొరికింది. నాలుగు గంటల ప్రయాణం దూరంలో, తమ ఊరు పైక్‌విల్‌లో, గురువారం పొద్దున. తీసుకునేవాడు జడ్జి ముందు స్వయంగా నిలబడాలి. ఐవీ అప్పుడే సైకిల్ మీద 'ఐవీ టాకెట్' అని పెయింటు కొట్టేసుకుంది. కానీ పిలుపు దగ్గర మాత్రం గట్టిది. "జడ్జిగారు సరే అన్న నిమిషం నుంచి నాన్నా అంటా. అప్పటిదాకా వెండెలే," అని తేల్చి చెప్పింది.

గురువారం వెండెల్‌కి స్టాండ్‌బై. మొదటి ఏడాది ప్రొబేషన్, నోరెత్తితే ఉద్యోగానికే ఎసరు. ఒంట్లో బాగాలేదంటే నమ్మేవాడు లేడు. మిగిలింది ఒకటే దారి. సరుకు పలచగా ఉన్న రోజున స్టాండ్‌బై వాళ్లలో ఒకరిని డ్యూటీ నుంచి వదిలేస్తారు. దీనికొక్కదానికే వరస లేదు, ముందు అడిగినవాడిని ముందు. అది అడగడానికి షెడ్యూలింగ్ ఆఫీసుకి వెళ్లాడు.

పైలట్లకి ఆ ఆఫీసువాళ్లంటే చులకన. తలారులని పిలుస్తారు. నేడీన్ ఓబర్‌హోల్ట్ అనే ఆవిడ స్పఘెట్టి మీద చిల్లీ అనే మాంసం కూర పోసుకుని తింటూ, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ఎదురుగా నిలబడ్డ వెండెల్ మాట మొత్తం విన్నది.

"పాప పేరేంటి బాబూ?" అంది.

చెప్పాడు.

"అడిగినవాళ్లలో నువ్వే మొదటివాడివి. నీ తర్వాత ఇంకొకాయన ఉన్నాడు. వీలైతే చెప్తాలే."

ఆవిడ ఆ పేరెందుకడిగిందో వెండెల్ ఆలోచించలేదు. ఇంటికొచ్చి, "వీలైతే చెప్తుందట. మహారాణిగారు," అని గ్రోవర్‌తో కలిసి నవ్వాడు. తోకకి కూడా తనకన్నా కిందివాళ్లు కావాలి మరి. నేడీన్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, వెనక వెక్కిరించేంత పెద్దరికం అప్పటికే వచ్చేసింది.

బుధవారం వెండెల్‌కి సెలవు. గురువారం తెల్లారేసరికి డ్యూటీలో ఉండాలి కాబట్టి ఊరికి వెళ్లలేక మంచం మీద కూర్చుని, డ్యూటీలు కనబడే కంపెనీ తెరని మాటిమాటికీ చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం ఫోను మోగింది. కంపెనీ నంబరు.

చెయ్యి ముందుకెళ్లింది.

"ఏంటి, ఎత్తుతావా?" అన్నాడు గ్రోవర్, కింది మంచం మీంచి.

"వదిలేస్తామని చెప్పడానికేమో."

"వదిలేస్తే తెరమీద కనబడుతుంది. దానికి ఫోనెందుకు చేస్తారు? ఫోనొచ్చిందంటే ఎక్కడో ఉత్తరాన ఉన్న యాంకరేజికి పొమ్మనే. ఇవాళ సాయంత్రం వెళ్తే మళ్లీ శనివారం. ఎత్తు, ఎత్తు. నీ మెడ, నీ ఇష్టం."

వెండెల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫోను ఆగి, ఇంకోసారి మోగి, ఆగిపోయింది. తెర చూశాడు. ఏమీ లేదు. ఉరి తప్పించుకున్నానని గుండె నిండా గాలి పీల్చుకున్నాడు పిచ్చివాడు.

కాసేపటికి గ్రోవర్ ఫోను మోగింది. వరండాలోకి వెళ్లి మాట్లాడొచ్చాడు.

"మా ఆవిడ," అన్నాడు.

గురువారం వెండెల్ లేచేసరికి కింది మంచం ఖాళీ. తలుపు వెనక గ్రోవర్ గాలపు కర్రలు కూడా లేవు. ఆయనకీ ఇవాళ స్టాండ్‌బైయే అయినా, విమానాశ్రయంలో స్టాండ్‌బై గదిలోనూ మనిషి లేడు. వెండెల్ నేరుగా నేడీన్ దగ్గరికి వెళ్లాడు.

ఆవిడ అతన్ని చూసి కళ్లజోడు తీసింది.

"నిన్న ఎక్కడున్నావయ్యా? రెండుసార్లు చేశాను. మెసేజ్ పెడదామంటే పెట్టెలో చోటు లేదంటుంది. ఒక్కణ్ణే వదలమన్నారు, అది ఐవీ కోసం నీకేనని మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పకుండా పట్టుకు కూర్చున్నాను."

"తెరమీద రాలేదు."

"నువ్వు ఫోన్‌లో సరే అంటే కదా తెరమీదకెక్కించేది. ఆ మాట గ్రోవర్‌కి తెలియదా? నీ తర్వాత అడిగింది ఆయనే. మొదటి రింగుకే ఎత్తాడు."

వెండెల్ ఏదో అనబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇంకేం లేదు బాబూ. ఉన్నది ఒక్కటే."

గ్రోవర్‌కి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మెయిల్‌బాక్స్ నిండిపోయిందని చెప్పింది ఫోన్లో యంత్రం గొంతు. కాసేపటికి ఆయనే చేశాడు. వెనక పడవ మోటారు చప్పుడు.

"నీకు తెలుసు కదా. కోర్టు సంగతి తెలుసు, ఆ ఫోనెందుకో కూడా తెలుసు," అన్నాడు వెండెల్.

"ఎత్తొద్దని నేను నీ చెయ్యేమన్నా పట్టుకున్నానా?"

"సెలవురోజు ఎత్తకూడదని నువ్వే చెప్పావు."

"చెప్పాను. నేనూ ఎత్తనని ఎప్పుడైనా అన్నానా?" గ్రోవర్ గొంతులో సిగ్గు లేదు, కనీసం తడబాటు కూడా లేదు. "చూడు నాయనా, మీరంతా ఎత్తకపోతేనే కదా నా వంతు వచ్చేది. నువ్వూ సీనియరయ్యాక తెలుస్తుందిలే. ఇవాళ చేపలు బ్రహ్మాండంగా పడుతున్నాయి, నీకూ రెండు తెస్తా."

ఒక పిల్లకి తండ్రి దొరికే రోజు మీద గాలం వేసి, రెండు చేపలు తెస్తాడట. తలకాయంతా నెరిసినా సిగ్గన్నది మొలవలేదు ఆ మనిషికి. వెండెల్ బూతులు తిట్టాలనుకున్నాడు. ప్రొబేషన్ గుర్తొచ్చి ఊరుకున్నాడు. తను కూడా ఎంత చవకబారు మనిషో అప్పుడు తెలిసింది.

డార్లాకి ఫోన్ చేసి రాలేనన్నాడు. ఆమె కారణం మొత్తం విని, "కోర్టుకి టైమవుతోంది," అని పెట్టేసింది. ఆ వెంటనే వెండెల్‌కి పిలుపొచ్చింది, సాల్ట్ లేక్‌కి. విమానం నిండా ఎవరివో హాలోవీన్ పండగ ముసుగులు, కుక్క బిస్కెట్లు. కెప్టెన్ దారి పొడవునా తన సెలవుల గురించే చెప్పాడు. వెండెల్ ఊఁ కొట్టాడు.

దిగగానే ఇంటికి ఫోన్ చేశాడు.

"జడ్జి వసంతానికి వాయిదా వేశాడు," అంది డార్లా. "రానివాడికి పిల్లనెలా ఇస్తామన్నాడు. ఆయన తప్పేం లేదు."

"డార్లా, ఉద్యోగం అలాంటిది."

"ఉద్యోగం మీద తొయ్యకు. ఆ నేడీన్ ఎవరో, ఆవిడకి మన పిల్ల పేరు గుర్తుంది. నీకు రెండుసార్లు ఫోన్ చేసింది. నువ్వెత్తలేదు."

"ఐవీకి ఇవ్వు," అన్నాడు వెండెల్.

"మాట్లాడదట. కోర్టు మెట్ల మీంచి నీకు చేసింది. నువ్వు గాల్లో ఉంటావు కాబట్టి మెసేజ్ పెడతానంది. వాయిదా పడితే పడింది, ఇవాళ్టి నుంచే నిన్ను నాన్నా అంటానని, అదే మెసేజ్‌లో మొదటి మాటగా పెడతానని మెట్ల మీద కూర్చుని రెండుసార్లు నాకు అని చూపించింది."

"ఏం పెట్టింది?"

"ఎక్కడ పెడుతుంది? నీ దాంట్లో చోటు లేదట," అంది డార్లా.